నల్గొండలో కారు స్టీరింగ్ లాక్ పడితే టోయింగ్ బండి కంటే ముందు పిలవాల్సిన మనిషి

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు స్టార్లు. ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద రాస్తా. ప్రకాశం బజార్ వైపు ఒక చిన్న తాళాల దుకాణం ఉంది. బోర్డు లేదు, ఒక రేకు డబ్బా, ముందు చాబీలు కోసే మిషన్, పైన రంగు వెలిసిన గొడుగు, అంతే. అక్కడ కూర్చునే పెద్దాయనని అందరూ చాచా అనే పిలుస్తారు. మీ పేరు, నంబర్ పెట్టి రాయనా అని అడిగితే "వద్దు బేటా, ఫోన్లు ఎక్కువైతే నాతోని కాదు" అన్నారు, అందుకే పెట్టట్లేదు. క్లాక్ టవర్ సెంటర్లో ఏ ఆటో అన్నని అడిగినా దారి చూపిస్తాడు.

బైకులు, బీరువాలు, ఇంటి తాళాలు అన్నీ చేస్తారు గానీ నేను రాసేది కారు స్టీరింగ్ గురించి మాత్రమే. చాబీ పెడితే తిరగదు, స్టీరింగ్ ఇటు కదలదు అటు కదలదు, బండి ఉన్నచోటే శిలలా ఉంటుంది. ఇలాంటప్పుడు ఊళ్లో మనకు దొరికేవి రెండే దారులు అనుకుంటాం, ఒకటి కంపెనీ సర్వీస్ సెంటర్, రెండోది ఎవరో ఒక మెకానిక్. తాళాల మనిషి గుర్తుకే రాడు. నిజానికి అది తాళం సమస్యే.

మాకు జరిగింది దేవరకొండ రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్ దగ్గర. పార్కింగ్ కుర్రాడు కారుని సందులో ఇరికించి, ముందు చక్రం గట్టు రాయికి ఆనించి, స్టీరింగ్ సగం తిప్పి ఉండగానే చాబీ తీసి మా చేతిలో పెట్టాడు. పెళ్లి భోజనాలు అయ్యాక బయటికొస్తే చాబీ తిరగదు. మా బామ్మర్ది "బావా నువ్ జరుగు" అని సీట్లో కూర్చుని రెండు చేతులతో పట్టాడు, వాడి బలానికి చాబీ వంగుతుందేమో అని నాకు టెన్షన్. చుట్టూ జనం పోగయ్యారు, ఇక సలహాలు చూడాలి. ఒక పెద్దాయన కొబ్బరినూనె పోయమన్నారు, ఇంకొకరు స్టీరింగ్ కింద సుత్తితో రెండు దెబ్బలేయమన్నారు, మా అత్తమ్మ మాత్రం దిష్టి తగిలిందని తేల్చేసింది. ఎండ చూస్తే నల్గొండ ఎండ, కారులో కూర్చుంటే ఉడికిపోతున్నాం.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశా. ఏ కంపెనీ అనేది అనవసరం. అవతలి అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు గానీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బండి ఎక్కడ ఆగింది, చక్రం ఎలా ఉంది, చాబీ లోపలికి పూర్తిగా వెళ్తుందా లేదా, ఏమీ లేదు. నేరుగా "లాక్ సెట్ మొత్తం మార్చాలి సార్, దాదాపు 14,000 అవుతుంది, టోయింగ్ వేరే" అన్నాడు. ఇన్సూరెన్స్‌లో రోడ్ సైడ్ అసిస్టెన్స్ ఉంది కదా అని వాళ్లకి చేస్తే హైదరాబాద్ నుంచి బండి రావాలి, టైం చెప్పలేం అన్నారు. అప్పుడు ఫంక్షన్ హాల్ వాచ్‌మన్ చెప్పాడు చాచా నంబర్, ఇక్కడ ఇది మామూలే సార్ అంటూ.

చాచా ఫోన్లోనే డాక్టర్ లాగా అడగడం మొదలుపెట్టారు. చాబీ పూర్తిగా లోపలికి పోతుందా? ముందు చక్రం దేనికన్నా ఆనిందా? స్టీరింగ్ పట్టుకుని ఊపితే ఏ వైపు కొంచెం ఆడుతుంది, ఏ వైపు అసలు ఆడదు? ఆటోమేటిక్ గేరా, మామూలు గేరా? ఈ చివరిది ఎందుకంటే చాలా ఆటోమేటిక్ కార్లలో గేరు పార్కింగ్‌లో లేకపోతే చాబీ చివరిదాకా తిరగదు, బయటికి రాదు. జనం అది కూడా స్టీరింగ్ లాక్ అనుకుని ఫోన్ చేస్తారట. మాది మామూలు గేరే. "ఏ వైపు ఆడుతుందో ఆ వైపుకి స్టీరింగ్‌ని మెల్లగ గుంజి పట్టుకో, వదలకు, అట్లనే పట్టుకుని చాబీ తిప్పు. చాబీ మీద బలం పెట్టకు, బలమంతా స్టీరింగ్ మీదనే పెట్టు" అన్నారు. ఇది పనిచేస్తే తను రానక్కర్లేదని, పైసలు కూడా వద్దని అన్నారు. నేను ఈ రివ్యూ రాయడానికి సగం కారణం ఈ మాటే. తన బేరం తనే పోగొట్టుకునే మాట ఫోన్లో ముందే చెప్పే వాళ్లు ఎంతమంది ఉన్నారు?

లోపల ఏం జరుగుతుందో తర్వాత ఆయనే ఒక పాత లాక్ విప్పి చూపించారు. స్టీరింగ్ కింద ఉండే రాడ్‌కి ఒక గాడి ఉంటుంది. చాబీ తీసేశాక స్టీరింగ్ కాస్త తిరిగితే స్ప్రింగ్ ఒక ఇనుప పిన్నుని ఆ గాడిలోకి తోసేస్తుంది. బైకు హ్యాండిల్ లాక్ పనిచేసేదీ దాదాపు ఇలాగే, కాకపోతే అక్కడ మనం చాబీతో నొక్కి వేస్తాం, కారులో దానంతట అదే పడుతుంది. మామూలుగా చాబీ తిప్పితే ఆ పిన్ను వెనక్కి జారుతుంది. కానీ చక్రం రాయికి ఆనుకుని టైరు మెలిపడి ఉంటే ఆ ఒత్తిడి అంతా రాడ్ మీదుగా పిన్ను పక్కకి వచ్చి పడుతుంది. తలుపు కిందికి వాలితే గడియ బిగుసుకుపోయి రాదు చూడండి, తలుపుని కొంచెం ఎత్తి పట్టుకుంటే సర్రున వస్తుంది, ఇదీ అదే. చాబీ మీద ఎంత బలం పెట్టినా లాభం లేదు, బరువు తగ్గించాల్సింది పిన్ను మీద. వాలు మీద, గట్టు పక్కన, గుంతలో చక్రం దించి పార్క్ చేసినప్పుడే ఇది ఎక్కువ వస్తుందని కూడా చెప్పారు. చాలామందికి ఈ ఫోన్ వైద్యంతోనే పని అయిపోతుందట.

మాకు అవలేదు. స్టీరింగ్ కాస్త ఆడింది గానీ చాబీ మొరాయించింది. సరే వస్తా అన్నారు చాచా, వచ్చే ముందు ఇంకో ప్రశ్న, "ఇంట్ల రెండో చాబీ ఉందా? ఉంటే తెప్పించు." అది ఇంట్లో బీరువాలో ఉంది, కారు కొన్నప్పుడు ఇచ్చిన కవర్లోంచి తీయనే లేదు. బామ్మర్ది బైకు మీద పోయి తెచ్చాడు.

పావుగంటలో వస్తా అన్న మనిషి గంట దాటాక వచ్చారు. ఒక స్టార్ కోసింది ముఖ్యంగా ఇందుకే. వచ్చాక మాత్రం హడావిడి లేదు, సుత్తి లేదు, స్క్రూడ్రైవర్ కూడా తీయలేదు. ముందు మా డిక్కీలో జాకీ తీయించి, గేరు వేసి హ్యాండ్ బ్రేక్ లాగించి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టించి, గట్టుకి ఆనిన ముందు చక్రాన్ని నేల మీదనుంచి కొంచెం లేపారు. చక్రం గాల్లోకి రాగానే మెలితిరిగిన టైరు వదులైంది, స్టీరింగ్ టక్కున ఒక పక్కకి సర్దుకుంది. తర్వాత పాత చాబీతో ప్రయత్నించారు, సగం తిరిగి ఆగింది. ఇంటినుంచి తెచ్చిన రెండో చాబీ పెట్టగానే వెన్నలా తిరిగింది. మా అత్తమ్మ దండం పెట్టింది, ఎవరికో తెలియదు.

అప్పుడు రెండు చాబీలు పక్కపక్కన పెట్టి చూపించారు. రోజూ వాడే దాని గాట్లు అరిగి గుండ్రంగా అయిపోయాయి, బీరువాలోదానివి పదునుగా ఉన్నాయి. లాక్ లోపల చిన్న చిన్న ఇత్తడి పలకలు వరసగా ఉంటాయి, చాబీ గాట్లు వాటన్నిటినీ సరిగ్గా ఒక మట్టానికి తెస్తేనే బారెల్, అంటే చాబీ దూరే గొట్టం, తిరుగుతుంది. చాబీ అరిగితే ఒకటో రెండో పలకలు మట్టానికి రాకుండా అడ్డం నిలబడతాయి. అంటే మాకు రెండు బాధలూ ఒకేసారి వచ్చాయి, చక్రం ఒత్తిడి ఒకటి, చాబీ అరుగుదల ఒకటి. లాక్ సెట్‌కి మాత్రం ఏ జబ్బూ లేదు. 14,000 దేనికి పెట్టేవాళ్లమో నాకు ఇప్పటికీ అర్థం కాదు. సర్వీస్ సెంటర్ వాళ్లు అబద్ధం చెప్పారని అనను, లాక్ నిజంగా విరిగితే సెట్ మార్చడమే దారి, వారంటీలో ఉన్న బండి అయితే నేను కూడా అక్కడికే తీసుకెళ్తా. కానీ చూడకుండా చెప్పారు, తేడా అక్కడే.

అక్కడికి వచ్చి చేసినందుకు 400 తీసుకున్నారు. నేను ఐదు వందలు ఇస్తే వంద వెనక్కి ఇచ్చారు.

కొత్త చాబీ చేయించడానికి దుకాణానికి వెళ్లినప్పుడు ఇంకా నచ్చింది. మొదట ఆర్‌సీ, ఆధార్ చూపించమన్నారు, బండిని దుకాణం ముందుకు తెమ్మన్నారు. ఎంత తెలిసిన ముఖమైనా కాగితం లేకుండా కారు చాబీ చేయరట. కొందరికి ఇది విసుగు అనిపిస్తుందేమో గానీ, నా కారు ఆర్‌సీ అడగని వాడు రేపు ఇంకెవరైనా వచ్చి నా కారుకి చాబీ చేయమన్నా చేస్తాడు కదా. రెండోది, అరిగిన చాబీని చూసి కోయరు. దాన్ని చూసి కోస్తే అరుగుదల కూడా కొత్తదాంట్లోకి వచ్చేస్తుంది. బీరువాలోంచి తీసిన అసలు చాబీని పెట్టి కోశారు. ఇంతకుముందు బస్టాండ్ దగ్గర ఇంకోచోట నేను బైకు చాబీ చేయించుకుంటే వాళ్లు పాతదే పెట్టి కోశారు, అది మొదటినుంచీ సతాయించేది, కారణం ఇప్పుడు తెలిసింది.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఈ మధ్య కార్ల చాబీల తలలో చిన్న చిప్ ఉంటుంది. వంద, నూట యాభైకి చేసే మామూలు డూప్లికేట్‌తో డోర్ తెరుచుకుంటుంది, స్టీరింగ్ లాక్ కూడా వదులుతుంది, కానీ ఇంజన్ స్టార్ట్ కాదు, ఎందుకంటే దొంగలు ఇంజన్ స్టార్ట్ చేయకుండా అడ్డుకునే ఇమ్మొబిలైజర్ ఆ చిప్‌ని గుర్తుపట్టాలి. స్టీరింగ్ లాక్ వేరు, ఇమ్మొబిలైజర్ వేరు. చిప్ కాపీ చేసే మిషన్ చాచా కొడుకు దగ్గర ఉంది, ఆ పని అతనే చేస్తాడు. చిప్ చాబీకి మాకు 2,200 అయింది. ఇది మరీ తక్కువేమీ కాదు, హైదరాబాద్‌లో బేరమాడితే తగ్గుతుందేమో, కానీ దానికోసం వంద కిలోమీటర్లు ఎవరు పోతారు.

దుకాణంలో ఒక ప్లాస్టిక్ డబ్బా నిండా విరిగిన చాబీ ముక్కలు ఉన్నాయి. లాక్‌లోంచి లాగి తీసినవి. "ఇవన్నీ జబర్దస్తీగ తిప్పినోళ్లవే" అని నవ్వారు. మా బామ్మర్ది ఆ డబ్బాని కాసేపు చూసి ఏమీ అనలేదు. చాబీ లోపల విరిగితే ముక్క తీయడానికే వేరే ఛార్జీ, దాంతోపాటు పలకలు దెబ్బతింటే బారెల్ కూడా పోతుంది. కొబ్బరినూనె గురించి అడిగితే చెయ్యి అడ్డంగా ఊపారు. నూనె పోస్తే రెండు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత మన దుమ్ము అంతా దానికి అంటుకుని బంకమట్టిలా పేరుకుంటుంది. ఆయన వాడేది గ్రాఫైట్ పొడి, నల్లగా పెన్సిల్ ములుకు పొడిలా ఉంటుంది, చిన్న ట్యూబుతో లాక్‌లోకి కొద్దిగా ఊదుతారు.

నా చాబీల గుత్తి చూసి కూడా తిట్టారు. కారు చాబీకి ఇంటి తాళాలు, షాపు షట్టర్ తాళాలు, దాని మీద ఒక ఇత్తడి దేవుడి బిళ్ల. బండి కదిలినప్పుడల్లా ఆ బరువంతా వేలాడి బారెల్‌ని అరగదీస్తుంది. ఇది చాచా చాదస్తం కాదు, 2014లో అమెరికా కార్ల కంపెనీ జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ లోపం వల్ల 26 లక్షల దాకా కార్లని వెనక్కి పిలవాల్సి వచ్చింది. బరువైన గుత్తి వేలాడినా, బండి గట్టిగా కుదుపుకి లోనైనా స్విచ్ దానంతట అదే జారి ఇంజన్ ఆగిపోయేది, పవర్ స్టీరింగ్ పోయేది, ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేసేవి కావు. 124 మంది చనిపోయినట్టు ఆ కంపెనీ పెట్టిన పరిహారం లెక్కలోనే తేలింది. అక్కడ లోపం స్విచ్‌ది, మన కార్లన్నీ అలాంటివి అని కాదు. కానీ ఆ రోజు నుంచి మా కారు చాబీ ఒంటరిగానే ఉంటోంది.

ఇప్పుడు ఈ దుకాణం ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. ఇంజన్ స్టార్ట్ అయి, స్టీరింగ్ తిరుగుతూ, రాయి తిప్పినట్టు బరువుగా ఉంటే అది లాక్ కాదు, పవర్ స్టీరింగ్ సమస్య. మీటర్‌లో స్టీరింగ్ గుర్తు దీపం కూడా వెలగొచ్చు. చాచా ఫోన్లోనే "ఇంజన్ నడుస్తుందా?" అని అడిగి, అవునంటే మెకానిక్ దగ్గరికి పొమ్మంటారు. ఇంజన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు స్టీరింగ్ బరువుగా ఉండటం మామూలే, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

బటన్ స్టార్ట్ కార్లు కూడా ఆయన పని కాదు. మా చెల్లె, బావ ఉండేది మహబూబ్‌నగర్‌లో. పిల్లల్ని తీసుకుని పిల్లలమర్రి చూడ్డానికి పోయి తిరిగొచ్చేసరికి వాళ్ల కారు బటన్ నొక్కినా చలనం లేదు, స్టీరింగ్ బిగుసుకుపోయింది. నాకు ఫోన్ చేస్తే నేను చాచాని లైన్లో కలిపాను. ఆ కార్లలో చాలావాటికి పిన్ను వెనక్కి లాగేది చిన్న మోటారు, దానికి కరెంటు కావాలి, బ్యాటరీ దిగిపోతే పిన్ను కదలదు. బ్రేక్ తొక్కి, స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ ఊపుతూ బటన్ నొక్కమన్నారు, కాలేదు. రిమోట్‌ని బటన్‌కి ఆనించి నొక్కమన్నారు, రిమోట్‌లో సెల్ అయిపోతే చాలా కార్లలో అలా చేస్తే గుర్తుపడుతుంది, అదీ కాలేదు. చివరికి అక్కడే పార్కింగ్‌లో ఉన్న జీపు నుంచి వైర్లు కలిపి బ్యాటరీకి కరెంటు ఇస్తే క్లిక్ మని లాక్ వదిలింది. "ఎలక్ట్రానిక్ లాక్ ఖరాబైతే నాకు రాదు, కంపెనీకే పొండ్రి" అని ముందే చెప్పారు. తెలియనిది తెలియదు అనే వాళ్లంటే నాకు నమ్మకం.

ఇలాంటప్పుడు తాడు కట్టి లాగిద్దాం అనే మహానుభావులు ప్రతి చోటా ఉంటారు. స్టీరింగ్ లాక్ పడిన కారు చక్రాలు ఏ వైపు ఉంటే ఆ వైపుకే పోతుంది, మీరు తిప్పలేరు. మొత్తం బండిని పైకి ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ తప్ప వేరే టోయింగ్ ఒప్పుకోవద్దు.

దుకాణంలో కూర్చున్నప్పుడు ఒక డ్రైవర్ అన్న శ్రీశైలం ట్రిప్పు ముచ్చట చెప్తూ, మన్ననూరు దాటాక దిగుడు ఘాట్‌లో ఇంజన్ బంద్ చేసి పెట్రోల్ మిగిలిస్తా అన్నాడు. చాచాకి కోపం రావడం నేను అప్పుడే చూశాను. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ పోతుంది, బ్రేకుకి కొద్దిసేపటికే బలం తగ్గుతుంది, పొరపాటున చాబీ వెనక్కి పూర్తిగా తిరిగి బయటికొస్తే మలుపులో స్టీరింగ్ లాక్ పడుతుంది. "లోయల పడ్డంక చాబీ చేస్తనా నీకు?" అన్నారు. ఆ అన్న టీ తాగకుండానే లేచిపోయాడు.

ఇక నచ్చనివి. టైం విషయం చెప్పాను, చాచా పావుగంట అంటే గంటకి పైనే అనుకోండి. బిల్లు ఇవ్వరు, అడిగితే చిన్న చీటీ మీద రాసిస్తారు, దాన్ని ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకుంటారని అనుకోను. కార్డు తీసుకోరు, ఫోన్‌పే ఉంది గానీ అది కొడుకు నంబర్‌కి, కొడుకు లేకపోతే డబ్బు వచ్చిందో లేదో తెలియక మీరూ నిలబడాలి. ప్రకాశం బజార్ దగ్గర సాయంత్రం కారు పెట్టడానికి చోటు ఉండదు, చాబీ చేయించుకోవాలంటే పొద్దున్నే పోండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు టైంలో దుకాణం మూసి ఉంటుంది, ఫోన్ కూడా ఎత్తరు. చిప్ పని కావాలంటే కొడుకు ఉన్నాడో లేదో ముందే కనుక్కుని వెళ్లండి, లేకపోతే చాచా ముచ్చట్లు విని, టీ తాగి తిరిగి రావాల్సిందే.

మా రిమోట్ పైన ప్లాస్టిక్ డొక్క పగిలితే కొత్తది తెప్పిస్తా అని అడ్వాన్స్ 200 తీసుకున్నారు, ఇంకా రాలేదు. రేపు, ఎల్లుండి అంటున్నారు. వచ్చాక ఎలా ఉందో ఇక్కడే కింద రాస్తా.